ఇంటి యంత్రములు: నిలిచినచోట మ్రోగి, పరుగునకు రాని యింజను



గత మాసమున కుట్టుమిషనుపై దారము మాటిమాటికి తెగుటకు గల కారణములను ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున కుట్టుగది విడిచి, వాకిటనున్న కారు షెడ్డు వరకు పోవుదము. కారు సంగతి పురుషులది, మనకేల యని కొందరు తలంపవచ్చును. కాని కారు చెడినపుడు వ్యయమగు రూపాయలు ఇంటి పద్దులోనివే కదా! పద్దు వ్రాయువారము మనమైనపుడు ఆ వ్యయమునకు కారణమడుగు హక్కును మనకు కలదు. అడుగుటకు కొంచెము తెలిసియుండవలెను, అంతియే.

మా మామగారు 1978వ సంవత్సరమున కొన్న ఫియట్టు కారొకటి మా యింట నున్నది. ఇటలీ దేశపు ఫియట్టు 1100 నమూనాను బట్టి బొంబాయిలో తయారై, 'ప్రీమియర్ పద్మిని' యను పేరున దేశమంతట తిరిగిన బండి యది. దాని యింజను నాలుగు సిలిండర్లది. పరిమాణము 1089 ఘన సెంటీమీటర్లు. మామగారు ప్రతి ఆదివారము ఆ బండిని స్వయముగా కడిగి, తుడిచి, నూనె చూచి, ఆ తరువాతనే రెండవ కాఫీ త్రాగెడివారు. నిరుడు మాఘమాసమున వారు స్వర్గస్థులైరి. పిమ్మట పది నెలలు ఆ బండి షెడ్డులో గోనెపట్టా క్రింద నుండిపోయినది. తాళము తీయుటకు ఎవరికిని చేతులు రాలేదు.

సంవత్సరీకము దగ్గరపడెను. ఏడాదిగా మమ్ము ఏమియు కోరని మా అత్తగారు, "కొవ్వూరు గోష్పాద రేవునకు ఆయన బండిలోనే పోదాము" అనిరి. క్రొత్త బ్యాటరీ వేయించితిమి. నాలుగైదుసార్లు త్రిప్పగా ఇంజను అందుకొన్నది. నిలిచినచోట ఎంత మెత్తగా మ్రోగుచుండెననగా, మామగారు షెడ్డులోనే యున్నారేమో యనిపించినది. కాని యాక్సిలరేటరు కొంచెము త్రొక్కగానే ఇంజను ఖళ్లున దగ్గి, వణకి, ఆగిపోవును. మరల త్రిప్పినచో మరల మెత్తగా మ్రోగును. మరల త్రొక్కినచో మరల ఆగును. మెకానికుల భాషలో చెప్పవలెనన్న, స్లో నిలుచుచున్నది గాని రేజగుట లేదు.

పిలిపించిన మెకానికు రెండు నిమిషములు విని, "ఇంజను అరిగిపోయింది. దింపి బోరు చేయాలి. నలభై వేలవుతుంది" అని చెప్పి పోయెను. మా మరిది, "ఆ డబ్బు దండుగ, వదినా. తూకానికి ఇచ్చేద్దాం" అనెను. అతని మాటలో దురుద్దేశము లేదు. కాని అత్తగారు మారు పలుకక, తాళపుచెవిని తీసికొని పోయి, బీరువాలో మామగారి కండ్లజోడు ప్రక్కన పెట్టి వచ్చిరి. అది చూచిన పిమ్మట నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాటి యుదయము వంటయింట పాలు కాచుచు అత్తగారే ఈ ప్రస్తావన తెచ్చిరి. "అమ్మాయీ, మంట సన్నగా నిలుస్తుంది, పెద్దది చేస్తే ఆరిపోతుంది అన్నమాట. వెనక మనింట్లో కిరసనాయిలు స్టవ్వు అలా చేస్తే పాతసామాను వాడికి ఇచ్చామా? నూనె ఎక్కడ ఆగిందో చూసుకోలేదూ?"

ఈ ఒక్క మాటలో ఈ మాసపు పాఠమంతయు నున్నది. దానినే కొంచెము విప్పి చెప్పెదను.

పెట్రోలు ఇంజనుకు కావలసినవి నాలుగు: పెట్రోలు, గాలి, తగిన క్షణమున ఒక నిప్పురవ్వ, ఆ మిశ్రమమును బిగియనొక్కగల సిలిండరు. ఒక పాలు పెట్రోలునకు ఇంచుమించు పదునైదు పాళ్ల గాలి, తూకము చొప్పున, కావలెను. ఈ పాళ్లు కలుపు వంటవాడే కార్బురేటరు. మా బండివంటి పాత కార్ల కార్బురేటరులో పెట్రోలు పోవుటకు రెండు దారులు గలవు. ఇంజను నిలిచినచోట మ్రోగునపుడు గాలి తలుపు దాదాపు మూసియుండును. అప్పుడు తలుపు క్రిందనున్న సన్నని రంధ్రము గుండ, చిన్న జెట్టు కొలిచి యిచ్చిన పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోవును. మనము యాక్సిలరేటరు త్రొక్కినపుడు గాలి తలుపు తెరచుకొనును. గాలి ఇరుకైన గొంతుకలో వేగముగా పోవును. ఆ వేగమునకు అచ్చట ఒత్తిడి తగ్గి, పెద్ద జెట్టు గుండ వచ్చు పెట్రోలు పైకి పీల్చబడును. అనగా నిలిచి మ్రోగుటకొక దారి, పరుగెత్తుటకు వేరొక దారి.

కావున మెత్తగా మ్రోగుచు పరుగునకు రాని యింజను మనకొక సాక్ష్యము చెప్పుచున్నది. చిన్న దారి బాగుగ నున్నది. నిప్పురవ్వ పడుచున్నది. సిలిండర్లు కొంతవరకైనను నొక్కుచున్నవి. ఇక చూడవలసినది, త్రొక్కినపుడు మాత్రమే పనిలోనికి వచ్చు భాగములను. దీనికి విపర్యయముగా, మానిఫోల్డు బిగింపులు వదులై గాలి దొంగదారిని చొరబడినచో ఇంజను నిలిచినచోట వణకును, వేగమున కొంత కుదుటపడును. రోగమెప్పుడు కనబడునో యదియే రోగమెక్కడనున్నదో చెప్పును. దీనిని మరువకున్న సగము పని అయినట్లే.

ఇప్పుడు పరీక్షలు. వీనిని ఈ వరుసలోనే చేయవలెను. ఏలయనగా మొదటి వానికి కాసు ఖర్చు లేదు. కడపటి వానికి వేలగును. పరీక్షలన్నియు ఆరుబయట చేయవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది మనుష్యుని నిద్రలోనికి జార్చి చంపును. కొంగు నడుమునకు బిగించి, జడ ముడివేసికొనవలెను. ఇంజను తిరుగుచుండగా ఫ్యాను బెల్టు దరికి పోరాదు. గాజులు, గొలుసులు బ్యాటరీ కొనలకు తగులరాదు. తగిలినచో ఎర్రగా కాలి చర్మమున కంటుకొనును.

మొదటి పరీక్ష యాక్సిలరేటరుది. పెడలు క్రింద కాలిపట్టా మడతపడి యున్నచో, లేక తీగ సాగియున్నచో, మనము ఎంత త్రొక్కినను గాలి తలుపు తెరచుకొనదు. ఇంజను ఆపి, ఒకరు పెడలు త్రొక్కుచుండ మరియొకరు బానెట్టు ఎత్తి, కార్బురేటరు ప్రక్కనున్న కమ్మి పూర్తిగా కదలుచున్నదో లేదో చూడవలెను. ఇంత చిన్న సంగతికై పెద్ద మరమ్మతులు చేయించినవారు లేకపోలేదు.

రెండవది పెట్రోలు ట్యాంకు మూతది. పెట్రోలు బయటికి పోయిన కొలది లోనికి గాలి రావలెను. ఆ గాలిరంధ్రము దుమ్ముతోనో, మట్టిగూడు కట్టు కందిరీగ చేతనో మూసికొనిపోయినచో ట్యాంకులో గాలి కరవై, పెట్రోలు ముందునకు రాదు. మూత వదులు చేయగానే ఉస్సురని గాలి లోనికి పోయినను, ఇంజను తేరుకొన్నను, దోషము మూతదే.

మూడవది చోకు. ఇంజను వేడెక్కిన తరువాత చోకు కొంచెము లాగి, యాక్సిలరేటరు మెల్లగా త్రొక్కుడు. చోకు పెట్రోలు పాలు హెచ్చించును. దానితో ఇంజను కొంత వేగమందుకొన్నచో, పెట్రోలు చాలుట లేదని తేలినది. ఇంకను ఉక్కిరిబిక్కిరియై, వెనుక నల్లని పొగ వచ్చినచో, పెట్రోలు చాలదనుట కాదు, గాలి చాలదని యర్థము. అప్పుడు గాలి వడపోత దుమ్ముతో నిండినదేమో, చోకు ఎప్పటికిని మూసికొనియే యున్నదేమో చూడవలెను. ఏ మార్పును లేకున్న నిప్పురవ్వను అనుమానింపవలెను. ఖర్చు లేని ఈ పరీక్ష ఒక్కటి మూడు దారులలో రెంటిని మూసివేయును.

నాల్గవది గడియారముతో చేయునది. త్రొక్కిన తక్షణమే ఇంజను దగ్గి పడిపోవునా, లేక కొన్ని క్షణములు బాగుగ పరుగెత్తి పిదప చచ్చిపోవునా? తక్షణమే పడిపోయినచో పెద్ద జెట్టో, త్రొక్కినపుడు పెట్రోలు చిమ్ము చిన్న పిచికారీయో పని చేయుట లేదని యూహింపవచ్చును. కొంతసేపు పరుగెత్తి, పడిపోయి, విశ్రమించిన పిమ్మట మరల కొంతసేపు పరుగెత్తినచో, కార్బురేటరు గిన్నె ఖాళీయగుచున్నది. అప్పుడు తప్పు పంపుదో, వడపోతదో, ట్యాంకునుండి వచ్చు గొట్టముదో కావలెను. బావిలో నీరూరుట తక్కువైనచో ఒక కడవకు చాలును, పది కడవలకు చాలదు; ఇదియు నంతే.

ఐదవది సైలెన్సరు. లోపలి రేకు విరిగి దారికి అడ్డుపడినను, ఎలుకలు చెత్త కూర్చినను, పొగ బయటికి పోలేదు. పొగ పోనిచో క్రొత్త గాలి లోనికి రాలేదు. నిలిచి మ్రోగునపుడు పొగ కొంచెమే కనుక బండి ఓర్చుకొనును. గొట్టము కొనకు జానెడు దూరమున చేయి పెట్టి, ఇంజను వేగము హెచ్చించునపుడు ఊపిరి బలముగా తగులుచున్నదో లేదో చూడవలెను.

ఇక నిప్పురవ్వ సంగతి. నాలుగు సిలిండర్ల యింజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునపుడు 1600 నిప్పురవ్వలు కావలెను. 4000 చుట్లు తిరుగునపుడు 8000 కావలెను. అనగా క్షణమునకు 130కి పైగా. మెల్లగా వడ్డించు చేయి పెండ్లిపంక్తిలో తడబడినట్లు, పాయింట్లు కాలియున్నను, వాని నడుమ సందు తప్పినను, కండెన్సరు బలహీనమైనను, వేగమున రవ్వలు తప్పిపోవును. ఆ సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. బండి పుస్తకములో సరియైన కొలత యుండును. డిస్ట్రిబ్యూటరు లోపల రెండు చిన్న ఇనుప గుండ్లు గలవు. ఇంజను వేగము హెచ్చిన కొలది అవి వెలుపలికి జరిగి, రవ్వను కొంచెము ముందుగా పడునట్లు చేయును. అవి త్రుప్పుపట్టి బిగిసినచో ఇంజను బద్ధకించి వేడెక్కును. మూత తీసి, రోటరును వ్రేళ్లతో కొంచెము త్రిప్పి వదలినచో అది తనంతట తాను వెనుకకు రావలెను. రాకున్న శుభ్రము చేసి, ఒక్క చుక్క నూనె వేయవలెను. ఆ నూనె పాయింట్లకు మాత్రము అంటరాదు. లోపలి సన్నని తీగ ఒకటి పైకి బాగుగ నుండియు లోన తెగి, యాక్సిలరేటరు త్రొక్కి పలక కదలినప్పుడెల్ల సంబంధము తప్పుటయు కలదు. ఇది పెద్ద మెకానికులను సైతము ఏడ్పించు దోషము.

పాత మోరిస్ మైనరు మొదలగు కార్లు గల సోదరీమణులకు ఒక మాట. వానిలో ఎస్.యు. అను జాతి కార్బురేటరు ఉండును. దానికి రెండు దారులు లేవు; ఒకటే జెట్టు, దానిలో ఒక సూది, ఆ సూదిని ఎత్తి దించు ఒక ముషలకము. ఆ ముషలకము మురికిచే బిగిసినచో ఇంజను నిలిచి మ్రోగును గాని పరుగెత్తదు. ఇంజను ఆపి, దానిని వ్రేలితో పైకెత్తి వదలినచో మెల్లగా దిగి టక్కున కూర్చుండవలెను. దాని పైనున్న చిన్న గొట్టములో పలుచని నూనె ఉండవలెను. అది యెండిపోయినను త్రొక్కినపుడు బండి తడబడును.

ఇవన్నియు చూచిన పిమ్మటనే ఇంజను దింపు మాట. సిలిండర్లు నిజముగా అరిగినచో బండి లేచుటకే మొండికెత్తును, నీలిపొగ వచ్చును, ఇంజను నూనె త్వరత్వరగా తరిగిపోవును. ఈ లక్షణములు లేనప్పుడు బోరు మాట ముందుగా వచ్చుట తొందరపాటు. అయినను అనుమానముండినచో కంప్రెషను మీటరు పెట్టి నాలుగు సిలిండర్లను కొలువుమని అడుగుడు. నాలుగు అంకెలును దగ్గరదగ్గరగా ఉండి, పుస్తకములో చెప్పినదానికి మిక్కిలి తగ్గనిచో ఇంజను గట్టిదే. ఈ కొలత కొద్ది నిమిషముల పని. అడిగినందుకు మంచి మెకానికు ఎవ్వరును కోపపడరు.

ఇంత చెప్పినదానను నేనేమి చేసితినో వినుడు. అత్తగారి మాట విన్న వెంటనే పరీక్షకు దిగక, బజారునకు పోయి క్రొత్త ప్లగ్గులు నాలుగు కొని తెచ్చితిని. వెనుకటి స్కూటరుకు ప్లగ్గు మార్చినచో బాగయినదను జ్ఞాపకము నాకు గలదు. ఆ తెలివి ఇచ్చట పనికి రాలేదు. ఇంజను మునుపటివలెనే దగ్గి పడిపోయెను. ఆ 600 రూపాయలు నా తొందరకు కట్టిన జరిమానా. చూడకముందే కొనుట, అడుగకముందే మందు మ్రింగుట, రెండును ఒకటే.

అప్పుడు బుద్ధి తెచ్చుకొని, పాలిటెక్నిక్కు చదువు మా అబ్బాయిని తోడు చేసికొని, వరుసగా మొదలుపెట్టితిని. పెడలు సరిగనే యున్నది. ట్యాంకు మూత తీసిన ఉస్సురు లేదు. చోకు లాగగానే ఇంజను వేగమందుకొన్నది! పెట్రోలు చాలుట లేదని తేలెను. త్రొక్కిన తక్షణమే పడిపోవుచున్నది గాని కొంతసేపు పరుగెత్తి పడుట లేదు. కావున పంపు కాదు, పెద్ద జెట్టు. నేను కాగితముపై ఇవన్నియు వ్రాసి, మా వీథి చివరనున్న వృద్ధ మెకానికునకు చూపితిని. ఆయన చదివి నవ్వి, "సగం పని మీరే చేశారమ్మా" అని పానాలు తీసికొని వచ్చెను.

చల్లబడిన యింజనుపై, బ్యాటరీ తీగ విప్పి, కార్బురేటరు గిన్నె తెరచిరి. అడుగున చింతపండు పులుసు ఇంకిపోయినట్లు గోధుమరంగు జిగురు. ఆ జిగురులో పెద్ద జెట్టు కన్ను పూడిపోయి యున్నది. పెట్రోలు నెలల తరబడి నిలువయున్నచో తేలిక భాగము ఆవిరియై పోవును, మిగిలినది జిగురై పేరుకొనును. గిన్నెలో నిలిచిన కొంచెము పెట్రోలు మరింత త్వరగా ఎండును. బండి అరిగి చెడలేదు. మేము దానిని ముట్టక చెడినది.

నేను స్టవ్వు పిన్ను అందింపబోగా వృద్ధుడు వారించెను. ఇది మీరును గుర్తుంచుకొనుడు. స్టవ్వునకు పిన్ను పొడువవచ్చును. కార్బురేటరు జెట్టుకు పొడువరాదు. ఆ యిత్తడి రంధ్రము మిల్లీమీటరులో నూరవ వంతు చొప్పున కొలిచి తొలిచినది. సూదితో గీచినచో రంధ్రము పెద్దదై, పెట్రోలు పాలు శాశ్వతముగా తప్పును. జిగురును కరిగించు ద్రావకములో నాననిచ్చి, గాలి పంపుతో ఊదవలెను. వెలుతురునకెదురుగా పట్టి చూచినపుడు గుండ్రని చుక్క స్పష్టముగా కనబడవలెను.

గొట్టముల సంగతియు అప్పుడే తేలెను. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుట వ్యాపించినది. పాత బండ్ల రబ్బరు గొట్టములు, పంపులోని డయాఫ్రము దానికై చేసినవి కావు. కొన్ని మెత్తబడి ఉబ్బును, కొన్ని పగులును. ఇథనాలు నీటిని పీల్చుకొనును. ట్యాంకులో ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని కదలించి ముందుకు తెచ్చును. అందుచేత ట్యాంకు అడుగు కడిగించి, ఇథనాలునకు తాళు క్రొత్త గొట్టములు, చిన్న వడపోత ఒకటి వేయించితిమి. కూలితో కలిపి మొత్తము 1850 రూపాయలయినది.

వృద్ధుడు "త్రొక్కండమ్మా" అనగా నేను త్రొక్కితిని. మొదట ఒకసారి దగ్గెను. తరువాత ఇంజను గొంతు సవరించుకొని, మెల్లగా హెచ్చి, షెడ్డు రేకులు అదరునట్లు పలికెను. వంటయింటి గుమ్మమున అత్తగారు నిలిచియుండిరి. ఆమె ఏమియు అనక లోనికి పోయి, బీరువా తెరచి, తాళపుచెవి గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టిరి.

ఇట్టి బండి యింట నుండినచో, సోదరీమణులారా, ఊరక పూజింపక నడుపుచుండుడు. పదునైదు దినములకొకసారియైనను అరగంట రోడ్డుపై త్రిప్పుడు. షెడ్డులో నిలిపి మ్రోగించినంత మాత్రమున చాలదు, పెద్ద దారిలో పెట్రోలు ప్రవహింపవలెను. నెలల తరబడి నిలుపవలసివచ్చినచో కార్బురేటరు గిన్నెను ఖాళీ చేయింపుడు. ఏ దినమున ఏమి మార్చితిరో ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. ఒకసారి ఒకటే మార్చుడు. రెండు మార్చినచో దేనివలన బాగయినదో తెలియదు. పెట్రోలు గొట్టములు విప్పు పని తెలిసినవారికే విడువుడు. దగ్గర దీపము గాని అగరువత్తి గాని ఉండరాదు. పరీక్షించి, వ్రాసి, అడుగు పని మాత్రము మనదే.

ఇది ఆడువారికి తగని విద్య యనువారికి ఒక కథ చెప్పవచ్చును. కథ కాదు, జరిగినదే. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిని ఆయనకు ముందుగా చెప్పకుండ తీసికొని, ఇరువురు కుమారులతో మాన్‌హైము పట్టణమునుండి ఫోర్ట్సుహైములోనున్న పుట్టింటికి బయలుదేరెను. ఆ దారి నూరు కిలోమీటర్లకు పైబడినది. మోటారుబండిలో అంత దూరము అంతకుముందెవ్వరును పోలేదు. త్రోవలో ఇంధనము తరిగిపోగా వీస్లోఖు అను ఊరి మందులదుకాణమున కొని పోసికొనెను. ఇంధనము వచ్చు గొట్టము పూడిపోగా తన టోపీపిన్నుతో పొడిచి శుభ్రము చేసెను. బ్రేకు చెక్కలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. లోకమున మొదటి దూరప్రయాణమున మరమ్మతు చేసినది ఒక గృహిణి చేయియే. అత్తగారికి ఈ వృత్తాంతము చదివి వినిపింపగా, "ఆవిడా పుట్టింటికేనా!" అని ఏడాది తరువాత మొదటిసారిగా నవ్విరి.

సంవత్సరీకమునాడు తెల్లవారుజామున కొవ్వూరు బయలుదేరితిమి. నేను నడుపుచుంటిని. అత్తగారు ముందు సీటున, ఒడిలో పూలబుట్టతో కూర్చుండిరి. వెనుక మరిది, పిల్లలు. ఊరి వెలుపల కాలువ మలుపు వద్ద ఆమె రోడ్డు వంకనే చూచుచు, "ఆయన ఇక్కడ గేరు తగ్గించేవారు" అని మెల్లగా అనిరి. నేను గేరు తగ్గించితిని. బండి మలుపు తిరిగి, మరల వేగమందుకొన్నది.

వచ్చు మాసమున, మిక్సీ జారు గిన్నె అడుగునుండి నీరు కారుటకు గల కారణములను చూతము. తమ యిండ్లలో ఏ యంత్రము ఏ వేళ మొండికెత్తినదో వ్రాసి పంపగోరెదను. ఏ వేళ యనుట మరువవలదు.